పదిహేడు ఇళ్లకు ఒకే ముఖం

కొన్న వస్తువు కొన్నవాడిది కాకూడదు! కొన్నవాడిదే అయిపోతే వాడు దాన్ని ఇంకొకడికి అమ్ముతాడు. ఆ ఇంకొకడు మరొకడికి అమ్ముతాడు. ఇలా అందరూ తక్కువ డబ్బుతో సంతోషపడిపోతుంటే లోకం ఏమైపోవాలి?

ఈ మాట అంటున్నది దారిన పోయేవాడు కాదు. పాత వీడియో గేములు కొని అమ్మి బతికిన వ్యాపారి. కాబట్టి కాస్త చెవిన పెట్టండి.

వ్యాపారం మొదలుపెట్టిన నాడు నా దగ్గరున్నవి ఇవి: ఒక బల్ల, ఒక స్క్రూడ్రైవరు, బుట్టెడు పాత డిస్కులు, నోట్లో ముప్పైరెండు పళ్లు. పళ్లను కూడా పెట్టుబడిలో చేర్చాడేమిటి అనుకోకండి. ఆ లెక్క చివర్లో తేలుతుంది.

ఆడి ఆడి విసుగెత్తినవాళ్లు డిస్కు తెచ్చి నాకిచ్చేవారు. నేను సగం ధరకు కొని, పైన కాస్త వేసుకుని ఇంకొకరికి అమ్మేవాణ్ణి. గీతలు పడిన డిస్కుకు పళ్లపేస్టు రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే పెళ్లికొడుకులా మెరిసేది. ఒక ఫుట్‌బాల్ ఆట ఉండేది, మా వీధిలో అది ఎక్కని గడప లేదు. ఎక్కడికెళ్లినా అలిగి పుట్టింటికొచ్చినట్టు మళ్లీ నా బల్ల మీదికే వచ్చేది.

"పేస్టంతా డిస్కులకే పూస్తున్నారు. కాస్త మీ పళ్లకి కూడా మిగుల్చుకోండి" అనేది మా ఆవిడ. ముందు సరుకు, తర్వాత శరీరం అని నా సిద్ధాంతం.

ఇదంతా ఎంత పాపమో ఆటల కంపెనీ వారు చెప్పేదాకా తెలియలేదు! ఒక ఆటను ఆరుగురు ఆడితే ఐదుగురు అప్పనంగా ఆనందించినట్టే కదా? అసలు కుర్చీల కంపెనీలు ఎందుకు నిద్రపోతున్నాయో నాకర్థం కాదు. మా మావగారు కొన్న కుర్చీలో నేను ఏళ్ల తరబడి కూర్చుంటున్నాను. ఆ కుర్చీ చేసినవాడికి నా వల్ల ఒరిగిందేమిటి? అన్న చొక్కా తమ్ముడు తొడుక్కోవడం దొంగతనం కాక మరేమిటి? తాత చెప్పిన జోకునే మనవడూ చెప్పి నవ్విస్తున్నాడే, ఆ నవ్వుకు బిల్లేదీ?

మేలుకున్న కంపెనీ కాబట్టి కొత్త కన్సోల్ తెచ్చింది. దానికి డిస్కు పెట్టే సందే లేదు. ఆటలన్నీ లోపలే ఉంటాయి, యజమాని ముఖం చూస్తేనే తెరుచుకుంటాయి. ధరంటారా? ఆ డబ్బుతో ఫ్రిజ్జు కొని, దాన్నిండా సరుకులు నింపి, పక్కింటివాళ్లను కూడా భోజనానికి పిలవచ్చు. అది కూడా మన మంచికే! చవక చెప్పులు బయట వదిలి లోపల హాయిగా కూర్చుంటాం. ఖరీదైన చెప్పులు వదిలి కూర్చోండి చూద్దాం, ప్రాణమంతా గుమ్మం దగ్గరే ఉంటుంది. ప్రేమంటే అదే మరి!

పాత సరుకంతా తెగనమ్మి, ఉన్నదంతా ఊడ్చి, చాలనిదానికి అరువు పెట్టి, పదిహేడు కొత్త కన్సోల్‌లు షాపుకు తెచ్చాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్న పాత రేడియోలు అమ్మేవాడు. పాడించి చూపించకుండా ఒక్క రేడియోను కూడా షాపు గడప దాటించలేదు. ఆ రక్తమే కదా నాదీ! ప్రతి పెట్టె విప్పాను, కన్సోల్ ఆన్ చేశాను. "యజమాని ముఖం చూపించండి" అంది. చూపించాను. "ధన్యవాదాలు. ఇక జీవితాంతం మీదాన్ని" అంది. ఎంత మర్యాద అనుకుని, కట్టేసి, జాగ్రత్తగా పెట్టెలో సర్దాను. పదిహేడుసార్లూ అంతే.

పదిహేడూ అమ్ముడయ్యాయి. సాయంత్రానికి పదిహేడు ఫోన్లు.

అందరికంటే ముందు మా టైలరు. "అన్నయ్యా, దీంట్లో నీ ఫొటో ఉందేంటి? నన్ను చూసి 'మీరెవరు' అంటోంది! డబ్బు కట్టింది నేనా, మీ తాతా?"

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి చాలా తీయగా మాట్లాడింది.

"మొదట చూసిన ముఖమే యజమాని సార్."

"అమ్మా, నేను చెక్ చేసి అమ్మానంతే. వాళ్ల పేరుకు మార్చెయ్యండి."

"మారిస్తే సెకండ్ హ్యాండ్ అమ్మకం అయిపోతుంది సార్. కుదరదు."

"మరి వాళ్లేం చెయ్యాలి?"

"కొత్తది కొనుక్కోవచ్చు సార్. మీకు ఇంకేమైనా సాయం కావాలా?"

డబ్బు వెనక్కిద్దామంటే ఆ డబ్బు అప్పటికే సరుకు తెచ్చిన చోట కట్టేశాను. ఇక మిగిలింది ఒకటే దారి. ఎవరికి ఆడాలనిపిస్తే వాళ్లింటికి వెళ్లి ముఖం చూపించి రావడం!

పాఠకులారా, ఆ వైభవం ఏమని చెప్పను! అంతకు ముందు నన్ను ఇంటికి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు ఏ వీధిలో నడిచినా కిటికీల్లోంచి పిలుపులే. "ఒక్కసారి ముఖం చూపించి పోండి!" వాన పడితే గొడుగులు ఎదురొచ్చేవి. తుమ్మితే నాలుగిళ్లవాళ్లు కంగారుపడేవారు. మంగలికి ముందే హెచ్చరిక వెళ్లింది, నా మీసం మీద చెయ్యి పడితే బాగుండదని.

మేడ మీది మామ్మగారికి కార్ల పందెం ఆట ప్రాణం. ఆ ఆట మలుపు మలుపుకీ ముఖం అడుగుతుంది కాబట్టి నన్ను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టేది. "బాబూ, గడ్డం కాస్త పైకెత్తు. నిన్న నువ్వు ఆవలించబట్టే మూడో మలుపులో నా కారు ఆగిపోయింది."

"నిద్రొచ్చింది మామ్మగారూ."

"పందెం మధ్యలో నిద్రేంటయ్యా? మీ తరానికి బాధ్యత లేదు!"

మా ఆవిడ మాత్రం గొణిగేది. "మీ ముఖం ఊరందరికీ కనిపిస్తోంది. ఇంట్లోనే దర్శనం లేదు."

ఇలా సాగుతుండగా దవడ పన్ను పుచ్చింది. కుడి బుగ్గ బన్నులా ఉబ్బింది. పదిహేడు ఇళ్లలోనూ ఒకటే మాట: "యజమాని కాని వ్యక్తి."

వీధి వీధంతా నా బుగ్గ మీద పడింది. టైలరు టేపు తెచ్చి రెండు వైపులా కొలిచాడు. "అన్నయ్యా, కుడివైపు అరంగుళం ఎక్కువొచ్చింది. బట్టయితే లోపలికి మడిచి కుట్టేసేవాణ్ణి." మామ్మగారు అరచేత్తో బుగ్గను లోపలికి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కారు నడపబోయింది. రెండువైపులా సమానంగా ఉంటే సరిపోతుందని ఎవరో ఎడమ బుగ్గలో దూది కుక్కారు. కన్సోల్ కాసేపు ఆలోచించి, "ఇద్దరు కనిపిస్తున్నారు. ఒకరు పక్కకు తప్పుకోండి" అంది.

నొప్పికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. మా ఆవిడ చెయ్యి పట్టి పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. మా వెనక వీధంతా వచ్చింది.

డాక్టరు నోట్లోకి లైటు వేసి చూశాడు. "ఏం పేస్టు వాడతారు?"

"డిస్కులకా, పళ్లకా?" అన్నాను.

ఆయన ఇక ప్రశ్నలు మానేశాడు. "ఇది పీకాల్సిందే. లేకపోతే దవడంతా పాకుతుంది."

"పీకితే బుగ్గ లోపలికి పోతుందా డాక్టరుగారూ?" గుమ్మంలోంచి టైలరు గొంతు.

"కొంచెం పోతుంది."

గుమ్మంలో ఒకటే గోల. "పైపైన మందెయ్యండి!" "సెలవులైపోయాక పీకండి!" మామ్మగారు అందరినీ తోసుకుని లోపలికొచ్చింది. "బాబూ, ఆఖరి పందెం ఒక్కటే మిగిలింది. ఒక్క వారం ఓర్చుకో. నేను నలుగుర్ని కన్నాను, ఎప్పుడైనా ఇంత మూలిగానా?"

వ్యాపారిగా నేను తటపటాయించానని ఒప్పుకుంటాను. కస్టమరు దేవుడు కదా! ఒక్క వారమే కదా!

అప్పుడు మా ఆవిడ కుర్చీకి అడ్డంగా నిలబడింది. "మొదట చూసినవాళ్లదే ముఖమైతే, మీ డబ్బాలన్నిటికంటే ముందు చూసింది నేను. ఇన్నాళ్లూ అరువిచ్చాను, చాలు. పీకండి డాక్టరుగారూ!"

పీకారు.

వాపు తగ్గింది, బుగ్గ లోపలికి పోయింది. పదిహేడు కన్సోల్‌లూ శాశ్వతంగా కళ్లు మూశాయి. మళ్లీ కంపెనీకి ఫోన్ చేశాను. అదే అమ్మాయి, అదే తీపి.

"ముఖం మారింది కాబట్టి మీరిప్పుడు కొత్త కస్టమరు సార్. మా కుటుంబంలోకి స్వాగతం!"

"పాత ముఖంతో తెరిచినవి పదిహేడున్నాయమ్మా."

"అవి ఆయనవి సార్."

"ఆయనా నేనే!"

"ఆయన దగ్గర మీరు తీసుకుంటే అది కూడా సెకండ్ హ్యాండే అవుతుంది సార్. కుదరదు."

చూశారా, ఎంత న్యాయమైన కంపెనీయో! నా నుంచి నాకు కూడా అమ్మనివ్వలేదు.

మాట పోగొట్టుకున్న వ్యాపారికి మళ్లీ బేరం రాదు. షాపు ముందు భాగం పక్కనున్న టీ కొట్టుకు వదిలేసి, ఆ డబ్బుతో అందరి బాకీ తీర్చాను. కన్సోల్‌లు వెనక్కొచ్చాయి. టీ కొట్టువాడు వాటిని స్టూళ్లుగా వాడుకుంటున్నాడు. చెక్కు చెదరకుండా పనిచేస్తున్నాయి. నాకు వెనక గదిలో బల్ల పట్టేంత చోటు మిగిలింది.

మొన్న టైలరు అటక మీది పాత డిస్కుల కన్సోల్ దింపి, ఆ ఫుట్‌బాల్ డిస్కు పట్టుకుని వచ్చాడు. "అన్నయ్యా, గీతలు పడ్డాయి. కాస్త తుడుస్తావా? నేనాడాక మామ్మగారికిస్తాను. కార్లు లేకపోయినా సరే, ఏదో ఒకటి ఆడతానంటోంది." చూడండి ఈ దుర్మార్గం! ఎంత చెప్పినా మారని జనం. నేను పేస్టు తీశాను.

ఇక చివరి లెక్క. బల్ల ఉంది. స్క్రూడ్రైవరు ఉంది. పళ్లు ముప్పైఒకటి నోట్లో, ఒకటి కాగితం పొట్లంలో.

ఆ పొట్లం డాక్టరే చేతిలో పెట్టాడు. "ఇది మీదే, తీసుకెళ్లండి."

నమ్మలేక మళ్లీ అడిగాను. "పూర్తిగా నాదేనా? ముఖం చూపించక్కర్లేదా? ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చా? అమ్ముకోవచ్చా?"

"మీ ఇష్టమండీ. మీదే కదా" అన్నాడు, పాపం, కంపెనీలు పెట్టడం తెలియని మనిషి.

పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. సగం ధర. ఒక్కరే వాడారు.