మాస్టారి కల్లంలో కచ్ యుద్ధం

జనరల్ నాలెడ్జ్ వల్ల ప్రయోజనం లేదనే అజ్ఞానులు ఇంకా మన మధ్య తిరుగుతున్నారు. అయ్యా, మనలాంటి చదువుకున్న మగవాళ్ళను ఇంటి పనుల బారి నుంచి కాపాడుతున్నది అది కాక మరేమిటి? మన సైన్యం గోవాలోకి ఏ దారిన వెళ్ళిందో వివరిస్తున్న మనిషి చేతికి ఏ ఇల్లాలైనా బజారు సంచి ఇవ్వగలదా?

నమ్మకపోతే చిలకలూరిపేట రోడ్డు పక్క ఊళ్ళో ఉంటున్న యలమందయ్య మాస్టారిని చూడండి. బడిలో ఐదో తరగతికి చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి రక్షణ మంత్రుల పేర్లన్నీ ఊపిరి తీసుకోకుండా వల్లిస్తారు. చైనావాళ్ళు కొండలు దిగి వచ్చినప్పుడు బొమ్డిలా ఎక్కడుందో ఊరికి చెప్పింది ఆయనే. సొంత చేను సర్వే నంబరు మాత్రం భార్య సుబ్బరావమ్మను అడగాలి. అందులో తప్పేముంది? సర్వే నంబరు ఏ పరీక్షలోనూ అడగరు.

ఆ చేలో ఈ ఏడు మిరప విరగకాసింది. కాయ అమ్మి, వానాకాలం రాకముందే ఇంటి మీద తాటాకు పీకించి పెంకు వేయించాలని సుబ్బరావమ్మ పట్టుదల. ఇన్నాళ్ళూ వానొస్తే ఆమె ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె పట్టుకునే వండింది. ఎండిన కాయ కల్లంలో పరిచి ఉంది. తెల్లవారితే గుంటూరు బండి.

ఆ ఆదివారం ఆమె గోతాల కోసం పేటకు బయల్దేరుతూ, "ఏవండీ, పొద్దు వాలకముందే కాయంతా కుప్పజేసి టార్పాలిన్ కప్పండి. ఆకాశం వాలకం నాకు నచ్చలేదు" అంది.

మాస్టారు కప్పేవారే. కానీ అప్పుడే పక్క చేను వెంకయ్య, టీకొట్టు ఖాజావలి కల్లం పక్కన ఆగారు.

"కచ్‌లో పాకిస్తానోళ్ళు ట్యాంకులు దించారంట గదా మాస్టారూ. అసలా కచ్ యాడుంది?" అన్నాడు వెంకయ్య.

చదువుకున్నవాడికి చెవిలో ఇంతకంటే అమృతం పోసే మాట ఉంటుందా? నోటితో చెబితే ఎక్కదని మాస్టారు కల్లంలోకే దిగారు. ఎర్రకాయ మన సైన్యం. ఏరి పక్కన పోసిన తెల్లటి తాలుకాయ పాకిస్తాన్. ఉన్న కాయను ఇంకా పలచగా నెట్టి కచ్ ఉప్పునేల అంతా పరిచారు. సరిహద్దులో మన సైన్యం కాపలా ఉండే సర్దార్ పోస్టు దగ్గర రెండు దోసిళ్ళు ఎక్కువ పోశారు. సముద్రం లేకపోతే మ్యాపు తప్పవుతుంది కనుక టార్పాలిన్ విప్పి అరేబియా సముద్రం కింద పరిచారు. దారిన పోయేవాళ్ళు ఇంకొందరు వచ్చి సముద్రం మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

"ఇదుగో, ఇక్కడ ప్యాటన్ ట్యాంకు. దీని బరువెంతో తెలుసా?"

"మా వెంకయ్య దున్నపోతు కంటే ఎక్కువా?" అన్నాడు ఖాజావలి.

"నువ్వు పోయి టీ కాచుకో."

"ఇంతకీ ఎవరు గెలుస్తారు మాస్టారూ?" వెంకయ్య అసలు విషయం అడిగాడు.

"ఎవరూ గెలవరు. కిటుకంతా అక్కడే ఉంది. కచ్ పల్లపు నేల. వాన పడిందా, నీళ్ళు నిలిచి ట్యాంకులు దిగబడిపోతాయి. రెండు సైన్యాలూ సర్దుకుని వెనక్కి పోవాల్సిందే. మబ్బు చూసి నడుచుకోనివాడు సేనాని కాడు."

"మాస్టారూ, తూర్పున..." అన్నాడు ఖాజావలి ఆకాశం చూస్తూ.

"తూర్పు పాకిస్తాన్ సంగతి తర్వాత చెబుతా. కూర్చో."

వాన వచ్చింది. జల్లు కాదు, కుండపోత. శ్రోతలందరూ ఎవరి కల్లాలకు వాళ్ళు పరుగెత్తారు. పోతూ పోతూ అరేబియా సముద్రాన్ని నెత్తిన కప్పుకుపోయారు. ఎర్రసైన్యం, తెల్లసైన్యం ఏకమై మురుగుకాలవ వైపు సాగిపోయాయి. మాస్టారు పంచె చెంగుతో సర్దార్ పోస్టును కప్పి నిలబడ్డారు.

ఇందుకు జనరల్ నాలెడ్జ్‌ను తప్పుపడతారా? ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం పొల్లుపోలేదే. వాన పడింది, యుద్ధం ఆగింది. అయినా మనకు నవ్వే హక్కెక్కడిది? ఇది చదువుతుండగా మీ పొయ్యి మీద పాలు పొంగిపోలేదని ప్రమాణం చేయగలరా?

సుబ్బరావమ్మ కొత్త గోతాలతో తిరిగొచ్చింది. ఒక కాయ తీసి పిండి చూసింది. నీళ్ళు కారాయి. కొత్త గోతాలను మళ్ళీ మడతపెట్టి మూలన పెట్టేసింది. చైనావాళ్ళు వచ్చినప్పుడు కూడా మాస్టారికి అంత భయం వేయలేదు.

పొద్దున్నే బండిని తిప్పి పంపేశారు. మళ్ళీ ఎండబెట్టేసరికి కాయ తెల్లబడి బూజెక్కింది. తాలు కింద తప్ప కొనేవాడు లేడు.

తర్వాతి ఆదివారం వెంకయ్య అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. "ఏమైంది మాస్టారూ యుద్ధం?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు విప్పేలోగా వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"ఓడిపోయాం అన్నయ్యా. ఈ ఏడూ తాటాకే."