పాసైన పంపు

బాయిలో ఇక ఎవరికీ షాక్ తగలదని భద్రతాధికారి వెంకటరత్నం గారు గనిముఖం దగ్గర ప్రకటించారు. డెబ్భై నాలుగులో, గోదావరిఖని దగ్గరి ఒక బొగ్గు బాయిలో జరిగిన మాట. భద్రతా వారోత్సవాలకు సోమవారం మంత్రిగారు వస్తున్నారు. ఆలోపు కరెంటుతో నడిచే ప్రతి యంత్రాన్నీ స్వయంగా పరీక్షిస్తామని, పాసైనదానికి ఆకుపచ్చ రంగు వేయిస్తామని సారు సెలవిచ్చారు. కార్మికులు చప్పట్లు కొట్టారు. పంపు నడిపే ఆగయ్య అందరికన్నా గట్టిగా కొట్టాడు.

అతనికి కారణం ఉంది. బాయి అడుగున ఊరే నీళ్లను తోడే పంపు అతనిది. ముట్టుకుంటే కరెంటు గుంజుతుంది. అతనికి ముందు దాన్ని నడిపిన నర్సింగం అరచేత్తో పట్టుకున్నాడు. వేళ్లు ముడుచుకుపోయాయి. కరెంటు ఆపితే గాని శవాన్ని విడదీయలేకపోయారు. అప్పటి నుంచి ఆగయ్య కరెంటు పారని ఎండు టేకు పీట మీద నిలబడి, చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో మీట నొక్కుతాడు. గుంజినా చెయ్యి ఎగిరిపోతుంది గాని అతుక్కోదు. ఎలక్ట్రీషియన్ ఇస్మాయిల్ నేర్పిన పద్ధతి అది.

పరీక్ష రోజు సారు దిగుతూనే "మెయిన్ ఆపండి" అన్నారు.

"కరెంటు బంద్ జేస్తే గుంజేది ఎట్ల తెలుస్తది సాబ్?" అన్నాడు ఇస్మాయిల్.

"పరీక్షలో నాకేమన్నా అయితే భద్రతా వారోత్సవాలకు మచ్చ కాదటయ్యా?"

ఇస్మాయిల్ మెయిన్ ఆపాడు. సారు పంపు మీద రెండు అరచేతులూ ఆనించి, బర్రెను బేరమాడేవాడిలా నిమిరి, "పాస్" అన్నారు. బాయిలో ఫెయిలైన యంత్రం ఒక్కటీ లేదు.

"మెయిన్ ఏసినంక గుంజుతది సారూ" అన్నాడు ఆగయ్య.

"పాసైంది కదయ్యా!"

"పంపు పాసైంది సారు. కరెంటుకు ఎరికనో లేదో."

సారు నవ్వలేదు. పీటను చూశారు. "పాసైన పంపు దగ్గర ఇదేంటి? మంత్రిగారు ఏమనుకుంటారు?"

పీట పైకి, క్యాంటీన్ పొయ్యిలోకి పోయింది. యంత్రాన్ని చెయ్యి తిరగేసి ముట్టుకోవడం పరీక్షను అవమానించడమేనని, సోమవారం నుంచి అలా చేసినవాడిని డ్యూటీ నుంచి తీసేస్తామని నోటీసు పడింది.

"అరచేత్తోటి ముట్టకు. నౌకరి పోతే పోనియ్యి, కైకిలో కూలో జేసుకుందం" అంది ఇంట్లో భార్య సారక్క.

"నౌకరి పోతే క్వార్టర్ గూడ పోతదే. కైకిలి జేసొచ్చి ఎక్కడ పండుదం?" అన్నాడు ఆగయ్య.

సోమవారం మంత్రిగారు వచ్చారు. క్యాంటీన్‌లో ఛాయ్ తాగి, బాగుందని మెచ్చుకుని, బాయిలోకి దిగారు. ఆకుపచ్చ పంపును చూసి ముచ్చటపడ్డారు.

"పాస్ చేసిన చేతితోనే నడిపించండి" అన్నారు వెంకటరత్నం గారితో.

ఈసారి మెయిన్ వేసే ఉంది. సారు ముందుకు నడిచారు. పంపు దాకా పోయిన చెయ్యి అక్కడ తిరగబడింది. మీట నొక్కగానే ఎగిరి నుదుటికి తగిలింది. మంత్రిగారు అది సెల్యూట్ అనుకుని తానూ సెల్యూట్ చేశారు.

మరునాడు నోటీసును సవరించారు. చెయ్యి తిరగేసే హక్కు అధికారులకు మాత్రమే ఉంటుంది. కార్మికులు అరచేతినే వాడాలి.

ఆగయ్య నోటీసు చదివించుకుని విన్నాడు. బాయిలోకి దిగి, "అన్నా, జర మెయిన్ బంద్ జెయ్యి" అన్నాడు ఇస్మాయిల్‌తో. పంపు మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చున్నాడు. నీళ్లు చీలమండలు దాటాక సారు పరుగున వచ్చారు.

"పంపు ఎందుకు ఆపావయ్యా?"

"ఆపలే సారు. మీరు పాస్ జేసిన తీరుగనే నడుపుతున్న. ఒక్కపారి గూడ గుంజలే."

"బాయి మునుగుతోంది! మెయిన్ వెయ్యండి!"

ఆగయ్య చేతులు తీసి లేచాడు. ఇస్మాయిల్ మెయిన్ వేశాడు. ఆగయ్య పక్కకు జరిగి దారిచ్చాడు.

"మీకైతే హక్కున్నది. నొక్కుండ్రి సారు."

సారు నీళ్లను చూశారు. నీళ్లలో ఉన్న తన కాళ్లను చూశారు.

"ఆ పీట ఏదయ్యా?"

"మంత్రిసారుకు ఛాయ్ కాగవెట్టింది గా పీటతోటే గద సారూ."