మనుషులు లేని ఇంటి కుళాయి

నీళ్ల మీటరు రీడింగు తీసే రోజు ఇంటికి బయట తాళం వేయించుకుని లోపల కిమ్మనకుండా కూర్చోవాలన్నది ఆవిడ పొద్దుటి పథకం. ఇందులో కొత్తేమీ లేదు, వీధిలో సగం మంది చేసేదే. మీటరు ఇంటి లోపలి నడవలో ఉంటుంది. తలుపుకు తాళం కనిపిస్తే రీడింగాయన బిల్లు మిషనులో డోర్‌లాక్ అని నొక్కి, పాత నెలల సగటు కొట్టి, చీటీ గుమ్మంలో పడేసి పోతాడు. సగటు కట్టేస్తే ఆ నెల గండం గడిచినట్టే.

ఆవిడ ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మొగుడు లారీ మీద పోతే పదిహేను రోజులకోసారి కనిపిస్తాడు. అత్త రెండు నెలల కిందట జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి అన్నీ మంచంలోనే. రోజుకు మూడుసార్లు పక్కబట్టలు ఉతకాలి. ముసలావిడ వీపు మీద అప్పటికే పుండు లేచింది, తడి గుడ్డ మీద ఒక్క పూట పడుకోబెట్టినా అది ముదురుతుందని నర్సు చెప్పింది. ఇటు చూస్తే, పదిహేను యూనిట్లు దాటితే మొత్తం నీళ్లకు రేటు రెట్టింపు. ఆ నెల మీటరు ఇరవై రెండు చూపిస్తోంది. రెండు బిల్లులు బాకీ ఉన్నాయి, మూడోది కట్టకపోతే కుళాయి కోసేస్తారు. పుండుకు ఈ స్లాబుల సంగతి తెలియదు.

ఎదురింట్లో ఉండే వాచ్‌మన్ ఏడింటికి వచ్చి తాళం వేశాడు. రీడింగాయన ఎనిమిదికల్లా వచ్చిపోతాడని, తాను తొమ్మిదికి డ్యూటీకి వెళ్లేముందు తీస్తానని చెప్పాడు. కానీ నాలుగు వార్డులకూ కలిపి మిగిలింది ఒకే రీడింగాయన. తక్కిన ముగ్గురూ రిటైరయ్యారు, వాళ్ల కుర్చీల్లో ఎవరినీ వేయలేదు. తొమ్మిదైనా ఆయన రాలేదు. వాచ్‌మన్ సైకిలెక్కి, తాళంచెవి జేబులో వేసుకుని, అలవాటుగా డ్యూటీకి పోయాడు.

తొమ్మిదింపావుకు నీళ్లొచ్చాయి. రోజుకు గంట వచ్చే నీళ్లు. ఆవిడ డ్రమ్ము పెట్టి కుళాయి తిప్పింది. సరిగ్గా డ్రమ్ము నిండేవేళకు గుమ్మం ముందు చెప్పుల చప్పుడైంది. ఆ కుళాయి కట్టేటప్పుడు వీధి చివరిదాకా కీచుమంటుంది. ఆవిడ చెయ్యి దాని మీదే ఆగిపోయింది. డ్రమ్ము నిండింది, పొర్లింది. నీళ్లు నడవ దాటి, తలుపు కింది సందులోంచి బయటికి పోయి, రీడింగాయన చెప్పులు తడిపాయి.

డోర్‌లాక్ నొక్కబోతున్న వేలును ఆయన గాల్లోనే ఆపాడు. పంపు చేసిన నీళ్లలో సగం దారిలోనే మాయమవుతున్నాయని పైవాళ్లు నీళ్ల ఆఫీసును రోజూ దులుపుతున్నారు. నెలకొక లీకేజీ ఫోటోతో సహా పట్టుకోని రీడర్లకు జీతం ఆపుతామని కొత్త ఉత్తర్వు వచ్చింది. ఐదు నెలలుగా అసలు ఇవ్వని జీతాన్ని ఎలా ఆపుతారో ఆయనకు అర్థం కాలేదు. అయినా భయపడ్డాడు. ఇప్పుడు కళ్లెదుట తాళం వేసిన ఇల్లు, లోపలినుంచి పారుతున్న నీళ్లు. వెంటనే ఫోటో తీశాడు.

ఆవిడ కంగారుపడి పాత దుప్పటి తెచ్చి తలుపు సందులో కుక్కింది. నీళ్లు ఠక్కున ఆగాయి. ఆగిన నీళ్లు ఎటో పోవాలి కదా, పైపు పగిలి భూమిలోకి దిగిపోతున్నాయని ఆయన నిశ్చయించుకున్నాడు. అంతలో లోపల అత్త నొప్పికి సన్నగా మూలిగింది. ఆయన తలుపుకు చెవి ఆనించి విని, పైపులో గాలి కూడా చేరిందని ఆఫీసుకు ఫోనులో చెప్పాడు. అది విన్న అత్తకు పౌరుషమొచ్చి మూలగడం మానేసింది.

ఆఫీసువాళ్ల సంగతీ చెప్పుకోవాలి. వాళ్లేం రాక్షసులు కారు. మోటార్ల కరెంటు బిల్లు కట్టలేక వాళ్లూ నోటీసులు తింటున్నారు. పైపులు అరవై ఏళ్లనాటివి, అవి ఎక్కడెక్కడ పాతారో తెలిసిన మేస్త్రీ పోయి పదేళ్లయింది. ఊరవతల సీసాల్లో నీళ్లమ్ముకునే కంపెనీ తన బాకీ తీరిస్తే పైపులన్నీ మార్చేయొచ్చు. కానీ ఆ గేటు దాకా వెళ్లడానికి ఎవరికీ కాళ్లు రావు. మనుషులు లేని ఇంటిమీదికైతే ధైర్యంగా వెళ్లొచ్చు. అందుకే ఎన్ని ఫిర్యాదులిచ్చినా ఏనాడూ రాని ఆఫీసు, ఆ రోజు అరగంటలో వచ్చింది. ఒక ఇంజనీరు, ఇద్దరు కూలీలు, రెండు గడ్డపారలు, ఒక ఫోటోగ్రాఫరు.

ముందు ఆ ఇంటి లైను కోసి బిరడా బిగించారు. నివాసం లేదు, కనెక్షన్ రద్దు అని ఇంజనీరు రిజిస్టరులో రాశాడు. తరువాత లీకేజీ కోసం గుమ్మం ముందు తవ్వారు. లేని లీకేజీ దొరకలేదు. మూడో పోటుకు వీధి మొత్తానికి నీళ్లిచ్చే పెద్ద పైపు దొరికింది, దానికి గడ్డపార దిగింది. నీళ్లు చూరు ఎత్తుకు లేచాయి. గడ్డపార ఎత్తి అలాగే నిలబడమని ఫోటోగ్రాఫరు కూలీని అడిగాడు. వీధిలో ప్రతి కుళాయీ ఒకసారి దగ్గి ఊరుకుంది.

లోపల ఆవిడకు అప్పుడు అర్థమైంది. కిటికీ తెరిచింది.

“సార్, మేం లోపలే ఉన్నాం. కుళాయి కొయ్యొద్దు.”

ఇంజనీరు తలుపు తాళాన్నీ కిటికీలో మనిషినీ మార్చి మార్చి చూశాడు. లోపలుండి బయట తాళం వేయించుకుంటే అది మీటరు ఎగ్గొట్టడమని, పదిరెట్లు జరిమానా అని చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే మాత్రం పాత బాకీలు కూడా కొట్టేస్తారట. తాను రెండోది రాసేశాడు, ఫోటో పైకి వెళ్లిపోయింది. ఏది కావాలో ఆవిడే తేల్చుకోవాలన్నాడు.

“జరిమానా కట్టలేను. నీళ్లు లేకుండా ఉండనూలేను. మా అత్త పుండుతో పడుంది సార్.”

“దానికి కాలమ్ లేదమ్మా,” అన్నాడు ఇంజనీరు. గొంతులో కోపం లేదు. బూట్ల నిండా బురద ఉంది.

రీడింగాయన కిటికీ దగ్గరికొచ్చాడు. ఇందాక తాను విన్నది గాలి కాదని అప్పటికి ఆయనకు తెలిసింది. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

“కిటికీ వేసుకోమ్మా. మీరు లేరు. మీకదే చవక,” అన్నాడు మెల్లగా.

“లేకపోతే నీళ్లెక్కడివి?”

ఆయన గుంతకేసి చూపించి, కిటికీ రెక్క దగ్గరికి తోశాడు. సాయంత్రం వాచ్‌మన్ వచ్చి తాళం తీసేసరికి, గుమ్మం దాటడానికి ఆవిడకు చెక్క వేయాల్సి వచ్చింది.

పగిలిన చోట కొత్త పైపు వేయాలి, దానికి డబ్బు కావాలి. ఆఫీసు దగ్గర రెండూ లేవు. రోజూ గంటసేపు గుంత నిండేది. వీధంతా బిందెలతో వచ్చేది. అందరికంటే దగ్గర ఆవిడ గుమ్మమే, నాలుగడుగులు. బురద తేరనిచ్చి, కాచి, రోజుకు మూడుసార్లు పక్కబట్టలు ఉతికింది. పుండు ఆరుతోందని నర్సు చెప్పింది. నెలాఖరుకు, గుంతలో వృథా అయిన నీళ్ల వాటా కూడా కలిపి అన్ని ఇళ్లకూ బిల్లులొచ్చాయి. ఆవిడకు రాలేదు.

వాచ్‌మన్ తన చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“తాళం వేసి పుణ్యం చేసుకున్నా. మీరేమో లేకుండా పోయారు. మీ వాటా కూడా నేను కట్టాలా అక్కా?”

ఆవిడ అతనికి రెండు చొక్కాలు ఊరికే కుట్టిచ్చింది. మిగతా వీధికి చొక్కాలు కుట్టడం ఆవిడ వల్ల కాదు. వాళ్లు మాటలు మానేసి, గుంత దగ్గర వరసలో ఆవిడ బిందెను చివరికి నెట్టారు.

“నన్ను లెక్కలోంచి తీసేసి చాన్నాళ్లయిందిలే. ఇప్పుడు నువ్వూ వచ్చావు, తోడు,” అంది అత్త.

మూడో నెలలో ఆ వీధి మరమ్మతుకని పైనుంచి కొంత డబ్బు మంజూరైంది. ఇంజనీరు కూలీలతో దిగాడు. జనం బిందెలు పక్కన పెట్టి దారిచ్చారు. ఆవిడ ఉతకాల్సిన దుప్పటి చంకలో పెట్టుకుని చూస్తూ నిలబడింది. పైపుకు ఆ డబ్బు చాలదట.

గుంతకు మీటరు బిగించి వెళ్లారు.