తిట్టని రోజు

ఆ రోజు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారు అద్దం ముందు నిలబడి నవ్వడం సాధన చేస్తున్నారు. కాఫీ తెచ్చిన భార్య ఆగి చూసింది.

"పన్ను నొప్పా అండీ?"

"నొప్పి పంటికి కాదు, మెడకి. సాయంత్రం యూనివర్సిటీ నుంచి వీసీగారు వస్తున్నారు. డబ్బుల్లేవట. ఈలోగా భూగర్భశాస్త్రం శాఖ మూసేస్తున్నామని అక్కడి మాస్టారికి నేనే చెప్పి ఒప్పించాలి. ఒప్పించకపోతే నా కుర్చీ పీకేస్తామన్నారు."

"అయితే మీ మామూలు గొంతుతో నెత్తిన పిడుగు పడ్డట్టు చెప్పకండి. ముందు కాస్త మంచీ చెడ్డా అడగండి."

సలహా బాగానే ఉంది. కాలేజీ సంగతే పాపం ఆవిడకు తెలియదు. ఈయనగారు రోజూ పొద్దున్నే కాలేజీ అంతా తిరిగి కనబడ్డవాళ్ళనల్లా తిడతారు. అదొక రకం హాజరు పట్టీ. ఆయన నోట తిట్టు పడిందంటే ఆ రోజుకు ఉద్యోగం పదిలమని అందరి నమ్మకం. సెమిస్టరు చివర, ఉద్యోగాల్లో కోతల మాట చెవిన పడ్డాక ఆ నమ్మకం మరీ ముదిరింది.

భూగర్భశాస్త్రం మాస్టారు బీరువాలో రాళ్ళు తుడుచుకుంటున్నారు. పిల్లలిద్దరూ ఇంకా చదువుల్లోనే ఉన్న మనిషి. ప్రిన్సిపాల్ గారు గుండె దిటవు చేసుకుని నవ్వారు.

"ఏం మాస్టారూ, ఒంట్లో బాగుంటోందా?"

మాస్టారి చేతిలో రాయి జారి కాలి మీద పడింది. ఆయన కాలు చూసుకోలేదు, ఆ నవ్వు వంకే చూస్తూ ఉండిపోయారు. ప్రిన్సిపాల్ గారు అసలు మాట చెప్పకుండానే వెనుదిరిగారు.

ఒక్కరినే పలకరిస్తే అనుమానం వస్తుందని, బయట ఎదురొచ్చిన లైబ్రేరియన్‌ని "మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగారు. ఆవిడ మెట్ల మీదే కూలబడింది. ఫిజిక్సు మేడమ్‌ని "టిఫినైందా?" అన్నారు. ఆవిడకు ముచ్చెమటలు పోశాయి. పొరపాటు దిద్దుకోవాలని ఇంకో నలుగురిని పలకరించారు. కంగారులో ఉన్నవాడికి తోచేది అంతే మరి.

మధ్యాహ్నానికి కాలేజీ మొత్తానికి వణుకు పట్టుకుంది. జవాబు పత్రాలు దిద్దే హాల్లో కలాలు ఆగిపోయాయి. "నా భుజం తట్టారు, ఇంక నా పని అయిపోయినట్టే" అని ఒకాయన ఇంటికి ఫోన్ చేసేశాడు. మాస్టారైతే రాళ్ళన్నీ అట్టపెట్టెలో సర్దేసుకున్నారు. చివరికి అందరూ కట్టగట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వచ్చారు.

"సార్, మమ్మల్ని ఒక్కసారి తిట్టండి సార్" అంది ఫిజిక్సు మేడమ్.

"ఎందుకమ్మా?"

"అమ్మా అనకండి సార్, కాళ్ళు వణుకుతున్నాయి."

దిద్దడం ఆగితే ఫలితాలు ఆగుతాయి, ఫలితాలు ఆగితే ముందు ఊడేది తన కుర్చీయే. ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "ల్యాబులో మనిషి లేకుండా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మీ తాతగారి సొమ్మా?"

మేడమ్ కళ్ళొత్తుకుని, "థాంక్యూ సార్" అంటూ హాలుకి పరుగెత్తింది. అలా వరుసగా అందరికీ తలో తిట్టూ అందింది.

చివరికి పెట్టె చంకన పెట్టుకుని, కుంటుకుంటూ మాస్టారు మిగిలారు.

"నాకు పెద్దది అక్కర్లేదు సార్. ఏదో చిన్నదైనా చాలు. ఇంటికెళ్ళి పిల్లల మొహం చూడాలి కదా."

ప్రిన్సిపాల్ గారికి భయమూ వేసింది, జాలీ వేసింది. తిడితే తన కుర్చీ పోతుంది. తిట్టకపోతే ఎదురుగా ఉన్న మనిషి ఏమైపోతాడో తెలియదు. ఆఖరికి, "ఆ రాళ్ళేమిటయ్యా, బీరువాలో ఉండాల్సినవి చంకనేసుకుని తిరుగుతారా? బుద్ధుందా అసలు?" అని అరిచారు. మాస్టారు దణ్ణం పెట్టి, రాళ్ళు మళ్ళీ బీరువాలో సర్దుకోవడానికి వెళ్ళిపోయారు.

సాయంత్రం వీసీగారు వచ్చారు. ప్రిన్సిపాల్ గారికి తిట్టడం నేర్పిన గురువు ఆయనే. "ఏమైంది, ఒప్పించారా?" అన్నారు.

"చెప్పలేకపోయానండీ."

వీసీగారు దగ్గరికి వచ్చి, భుజం తట్టి, నవ్వారు.

"పోనీలెండి, శాఖ ఉండనివ్వండి. మీకు ఒంట్లో బాగుంటోందా?"

ప్రిన్సిపాల్ గారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "అయ్యా, ఒక్కసారి తిట్టండి."

"ఛ ఛ, మిమ్మల్నా?"

మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ గారు సామాను సర్దుకోవడానికి అట్టపెట్టె మాస్టారే తెచ్చిచ్చారు.