గాజు తలుపుపై పిచ్చుక దండయాత్ర

సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనుకనుండి తన కిరణములను ఒక్కొక్కటిగా దులుపుకొనుచు లేచినవేళ, వీధులయందు చక్రవాహనసైన్యములు హారన్‌ధ్వానములతో దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, మూడవ అంతస్తులోని ఒకానొక రెండుగదుల ఇంట, భోజనపు బల్ల చుట్టును మహాసభ కొలువుదీరెను.

సభాధ్యక్షురాలు తల్లి. వృత్తిచే నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి, కన్నులు తెరచియుండగనే నిద్రించు విద్యయందు ఆరితేరినది. ఆమెకు కుడివైపున తండ్రి, లిఫ్టుల మెకానిక్కు, మితభాషి. ఎడమవైపున బాబాయి, బీమా ఏజెంటు, అమితభాషి, వద్దన్నవారికి రెండు పాలసీలు కట్టబెట్టిన ప్రచండపరాక్రముడు. వారి ఎదుట ముద్దాయివలె కూర్చున్నది మన కథానాయిక. పుట్టినది మొదలు నోరు మూయనందున ఇంటిల్లిపాదియు ఆమెను పిచ్చుక యని పిలుచుచుండిరి. గ్రాఫిక్ డిజైన్ పట్టా చేతికి వచ్చి నెలలు గడచినను, ఉద్యోగలక్ష్మి మాత్రము ఆ ఇంటి మెట్లెక్కలేదు.

"అసలు ఆ చదువు చదివితే ఏం ఉద్యోగాలొస్తాయే?" అని తల్లి అడిగెను.

ఆ ప్రశ్న చెవినబడుటయే తడవుగా పిచ్చుక కుర్చీని వెనుకకు నెట్టి, కుడిచేతి గరిటెను ఖడ్గమువలె పైకెత్తి, ఇట్లు గర్జించెను:

"వినుము జననీ! పళ్ళుతోము పేస్టు గొట్టము మొదలు విమానపు తోక దాకా, మాత్రల అట్ట మొదలు పుస్తకపు అట్ట దాకా, ఫోను తెరపై, సినిమా పేర్లపై, బస్సుదారుల పటముపై, వీడియో ఆటలోని రాక్షసుని కోరలపై, అక్షరమో బొమ్మయో రంగో ఉన్న ప్రతి తావునను మాకొక సింహాసనము వేచియున్నది!"

"మామూలుగా మాట్లాడవే," అనెను బాబాయి.

"అన్నిటినీ ఎవరో ఒకళ్ళు కూర్చుని డిజైన్ చేస్తారు బాబాయ్. నీ చేతిలో బిస్కెట్ ప్యాకెట్టుందే, దాన్ని కూడా."

బాబాయి ఆ ప్యాకెట్టును అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురునకు పెట్టి చూచెను.

"ఇక్కడ చింపండి అని రాసినందుక్కూడా జీతమిస్తారా?"

"ఇస్తారు."

"అక్కడ చింపితే ఏనాడూ చిరిగి చావదు కదే!"

"అందుకే మాలాంటి వాళ్ళు కావాలి."

తండ్రి నవ్వెను. సభ పిచ్చుక పక్షమునకు ఒరగబోవు ఆ క్షణమున, బాబాయి తన అమ్ములపొదిలోని కడపటి బాణమును తీసెను.

"మరి ఇన్ని ఉద్యోగాలుంటే నీకొక్కటీ రాలేదేం?"

గరిటె మెల్లగా దిగెను.

బాబాయి స్వభావమున దుష్టుడు కాడు. మాట విసరినవెంటనే తానే నొచ్చుకొను రకము. "మా ఆఫీసులో ఫోన్లెత్తే సీటు ఖాళీగా ఉందే. సోమవారం నుంచి రావచ్చు. ఏసీ గది. కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది కూడా," అని ఓదార్చెను. ఈ వారము గడచులోపల ఏదియు కుదరనిచో ఆ కుర్చీయే గతియని తల్లి తీర్పు చెప్పి, కూర్చున్నచోటనే గాఢనిద్రలోనికి జారుకొనెను. పిచ్చుకకు ఆ కుర్చీపై పగ లేదు. తాను దానిలో కూర్చుండి గిర్రున తిరుగుచు, తిరుగుచు, ఒకనాడు రంగుల పేర్లు కూడ మరచిపోవుదునేమోయన్న భయము మాత్రము పట్టుకొనెను.

"పద, నా స్కూటర్ మీద దింపుతా. ఆ సింహాసనాలేవో నేనూ చూస్తా," అనెను బాబాయి.

ఇట్లు ధూమోద్గారియగు స్కూటరు రథము కాగా, అమితభాషి సారథి కాగా, వీపున వ్రేలాడు నల్లని డ్రాయింగు సంచియే తూణీరము కాగా, పిచ్చుక దిగ్విజయమునకు వెడలెను.

తొలిపోరు ప్రకటనల కంపెనీలో. అచ్చటి అధిపతి ఆమె గీసిన పోస్టరు చూచి, "లోగో కొంచెం పెద్దది చెయ్యమ్మా," అనెను. చేసెను. "ఇంకొంచెం." చేసెను. "ఇంకాస్త ధైర్యంగా!" ధైర్యముగనే చేసెను. లోగో పెరిగి పెరిగి, బొమ్మను మ్రింగి, అక్షరములను మ్రింగి, కాగితపు నాలుగంచులను త్రోసివేయగా, "సార్, లోగో మిగిలింది, పోస్టరు పోయింది," అని ఆమె విన్నవించెను. పిచ్చుక కూడ పోయెను.

ఫోను యాప్‌లు చేయు చోట, "అనుభవముందా?" అని అడిగిరి. "ఉద్యోగమిస్తే వస్తుందండి," అనెను. "అనుభవముంటే ఉద్యోగమిస్తాం," అనిరి. ఇరుపక్షములును తమ తమ స్థానములనుండి అంగుళమైనను కదలనందున ఆ యుద్ధము మర్యాదగా ముగిసెను.

వీడియో ఆటల కంపెనీలో లోకభీకరమగు రాక్షసునొకని గీయుమనిరి. పిచ్చుక నాలుక బయటపెట్టి ఏకాగ్రచిత్తమై గీసెను. అక్కడి పెద్దాయన ఆ చిత్రమును చాలసేపు ముద్దుగా చూచి, "వీణ్ణి చంపాలనిపించట్లేదమ్మా. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టాలనిపిస్తోంది," అని నిట్టూర్చెను.

వారము తరిగి శుక్రవారము వచ్చెను. మిగిలినది ఒక్కటే రణరంగము: బోర్డులు తయారుచేయు షాపు. ఆసుపత్రులకు, ఆఫీసులకు, పార్కింగులకు దారిచూపు ఫలకములన్నియు అచ్చటనే పుట్టుచుండెను. పిచ్చుక స్కూటరు దిగి, జుట్టు సవరించుకొని, గాజు తలుపు పిడిని పట్టి మహోత్సాహమున లాగెను.

తలుపు కదలలేదు. తన వేగమునకు తానే ముందుకు తూలి, ఠప్పున గాజునకు నుదురు సమర్పించుకొనెను.

"అదేంటే, పట్టులేకుండా," అని బాబాయి ముందుకువచ్చి, చొక్కా చేతులు మడచి, బీమారంగమున సంపాదించిన భుజబలమునంతయు వెచ్చించి లాగెను. తలుపు నవ్వినట్లుగా గణగణలాడెనే కాని తెరచుకొనలేదు. అంతట ఇరువురును తలలెత్తి చూడగా, ఆ గాజుపై పొరలుపొరలుగా అంటించిన శాసనములు దర్శనమిచ్చెను: 'తోయండి'. దాని క్రింద ఎర్రగా 'తోయండి!!'. ఆ పక్కన ఒక బాణపుగుర్తు. 'లాగకండి'. 'దయచేసి లాగకండి'. అన్నిటికంటె క్రింద, అలసిన అక్షరములతో, 'మీకే చెప్పేది'.

లోపల జిగురువాసనల నడుమ, అక్షరములు కోయు యంత్రము పక్కన, కళ్ళజోడు తలపైకెక్కించుకొని షాపు యజమానురాలు కూర్చుండెను. డ్రాయింగు సంచి విప్పబోవు పిచ్చుకను చేతితో వారించెను.

"నుదురు బాగానే ఉందా? మంచి గట్టి తలకాయే. బొమ్మలు తర్వాత చూస్తాలే. చూశావుగా మా పరువు. ఊరందరికీ దారి చూపిస్తాం, మా తలుపు మాత్రం మా మాట వినదు."

"బయటికి తెరుచుకునేట్టు తిప్పించకపోయారా మేడమ్?"

"మెట్ల మీద నిలబడ్డవాళ్ళు కిందపడతారమ్మా. సరే, ఓ పని చెయ్. సాయంత్రం షాపు మూసేలోగా ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, లాగకుండా తోసుకుని లోపలికొచ్చాడో, నువ్వు సోమవారం నుంచి పనిలోకి వచ్చెయ్."

సోమవారము! ఆ శబ్దము వినగానే పిచ్చుక రక్తము ఉరకలు వేసెను. ఆమె తలుపువైపు తిరిగి, వ్రేలెత్తి, షాపంతయు ప్రతిధ్వనించునట్లు పలికెను: "ఓరీ కాచఫలకాధమా! ఎందరి నుదుళ్ళను బొప్పికట్టించి విర్రవీగితివి! నేటితో నీ పొగరు అణచకున్న, నేను కుర్చీలో గిర్రున తిరుగుచు బ్రతుకు వెళ్ళబుచ్చుదును గాక!"

"ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతుందా?" అని యజమానురాలు బాబాయిని అడిగెను.

"ఆకలేస్తే ఇంకా ఎక్కువండి," అనెను బాబాయి.

మొదటి ముట్టడి అక్షరములతో జరిగెను. నల్లని పట్టీపై నిమ్మపండు పసుపుతో, బొద్దుగా, ముద్దుగా, వీధి మలుపునుండి సైతము కనబడునట్లు 'తోయండి' యని కోసి, బుడగయైనను లేకుండ గాజునకు అంటించెను. కొంతసేపటికి పెద్దాయనయొకడు వచ్చి, మెట్టుపై నిలిచి, "తో, యం, డి. ఆహా, ఎంత బాగా రాశారమ్మా!" అని మెచ్చుకొని, మనసారా లాగెను.

రెండవ ముట్టడి బొమ్మతో. రెండు అరచేతులును చాచి తలుపును తోయుచున్న నిలువెత్తు మనిషిని గీసి నిలిపెను. ఇద్దరు అమ్మాయిలు వచ్చి, ఆ బొమ్మ పక్కన అదే భంగిమలో నిలిచి ఫోటో తీసికొని, పకపక నవ్వుకొనుచు లాగిరి. వారి వెనుకనే చెవికి ఫోనానించి, చంకలో పార్సెలుతో కొరియర్ అతను పరుగున వచ్చి, పిడి పట్టి గుంజి, గుద్దుకొని, "ఛ, మళ్ళీనా!" యని తిట్టుకొని, పార్సెలు ఇచ్చి పోయెను.

మధ్యాహ్నము దాటెను. పిచ్చుక నేలపై చతికిలబడెను. బాబాయి ఆమె పక్కనే గోడకానుకొని కూర్చుండెను. ఆ రోజు మూడు పాలసీల మనుషులను కలువవలసియుండియు అతడు కదలలేదు. చేతిలోని నీళ్ళసీసా ఆమెకిచ్చి, "తాగు. మన ఆఫీసు కుర్చీ ఎక్కడికీ పోదులే," అనబోయి, ఆమె ముఖము చూచి, "ఎక్కడికీ" దగ్గరనే మ్రింగివేసెను. అంతటి వాగుడుకాయ వాక్యము నడుమ ఆగుట ఆ వంశచరిత్రలో అదే ప్రథమము.

అప్పుడు పిచ్చుక గాజులోనుండి వీధిని చూచుచు, మనుషుల ముఖములను మాని, చేతులను చూడసాగెను. ఒక ఆవిడ వచ్చెను. ఆమె కన్నులు ఇంకను మెట్లపైననే యుండగా, చేయి మాత్రము పాలసీసాకై చాచు పసిపాపవలె ముందుగనే పిడివైపు సాగి, దానిని చుట్టుకొని, లాగెను. కన్ను అక్షరమును చేరునప్పటికే చేయి పని ముగించెను!

"బాబాయ్!" అని పిచ్చుక గెంతెను. "ఎవరూ చదవట్లేదు! పిడి కనిపిస్తే చెయ్యి ఊరుకోవట్లేదు! నీ స్కూటర్లో పానా ఉందా?"

తదనంతరము జరిగిన సంగ్రామమును వర్ణింప ఆదిశేషుని నాలుకలైనను జిగురంటుకొని నిలిచిపోవును. పిచ్చుక లోపలినుండియు, బాబాయి బయటినుండియు మోహరించి, తుప్పుకవచధారులగు బోల్టులతో తలపడిరి. బాబాయి చెమటోడ్చి, బోల్టుల పుట్టుపూర్వోత్తరములను ఎత్తిపొడిచి, పానాను తిప్పగా, ఎట్టకేలకు బయటి పిడి ఖంగున మెట్లపై కూలెను. లోపలి పిడిని మరల బిగించిరి. పొరలుపొరలుగా పేరుకొన్న శాసనములన్నిటిని గోకి పారవైచిరి. అటుపిమ్మట పిచ్చుక, అరచేయి తగులు ఎత్తున, పళ్ళెమంత నారింజరంగు వృత్తమునొకదానిని అంటించి, చేతులు దులుపుకొనెను.

"అక్షరాలేవీ?" అని యజమానురాలు అడిగెను.

"లేవు మేడమ్."

"బోర్డుల షాపుకి అక్షరంలేని తలుపా? ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"నవ్వుకుంటూనే తోస్తారు మేడమ్. చూడండి."

చూచిరి. చూచుచునేయుండిరి. ఎవ్వరును రాలేదు! అంతవరకు కిటకిటలాడిన వీధి, శత్రుపక్షమున చేరినట్లు, ఖాళీయాయెను. ఎండ గోడలెక్కెను. యజమానురాలు యంత్రము ఆపి, తాళములు వెదకుకొనసాగెను. అంతలో ఒక కుక్క వచ్చి, నారింజవృత్తము దిగువన మూతి ఆనించి, తలుపు తోసికొని లోపలికి వచ్చెను.

"వచ్చింది! వచ్చింది!" అని బాబాయి చప్పట్లు చరచెను.

"మనిషి అన్నాను," అనెను యజమానురాలు. కాని తాళములు చేతనుండి బల్లపై పెట్టెను.

మెట్లపై అడుగులు వినబడెను. కొరియర్ అతనే! ప్రొద్దుటిది పొరపాటున ఇచ్చిన పార్సెలట, దానిని మార్చుటకై మరల వచ్చుచుండెను. చెవికి ఫోను, చంకలో పెట్టె, ముఖమున ప్రపంచముపై విసుగు. బాబాయి కన్నులు మూసికొనెను. అతని చేయి లేచెను, అలవాటుచొప్పున పిడికై గాలిలో తడవెను, పిడి లేదు, అరచేయి తనంతట తానే విచ్చుకొని, నారింజ నడుమ ఆని, తోసెను. తలుపు వెన్నవలె తెరచుకొనెను. అతడు మాట ఆపకుండగనే లోపలికి వచ్చెను.

"హోయ్!" అని ముగ్గురును ఒక్కసారిగా అరచిరి. కుక్కయు మొరిగెను. కొరియర్ అతను అదరిపడి పెట్టెను గుండెలకు హత్తుకొనెను.

"ఏంటండీ? ఏం చేశాను నేను?"

"తలుపు తోశావు!"

"మరి తలుపునేం చేస్తారండీ?"

ఆ మాటకు పిచ్చుక నేలపై కూలబడి, కడుపు పట్టుకొని, కన్నీరు కారునంతగా నవ్వెను. యజమానురాలు కళ్ళజోడు తలపైనుండి ముక్కుపైకి దించి, ఆమెను తొలిసారిగా తేరిపార చూచి, "సోమవారం పొద్దున్నే రా. ఆసుపత్రి వాళ్ళది ఓ పెద్ద పనుంది. అక్కడ అందరూ దారి తప్పుతున్నారు," అనెను.

బాబాయి అప్పటికే ఇంటికి ఫోను చేసి మెట్లపై అటునిటు పచార్లు చేయుచుండెను. "వదినా! వచ్చేసింది, ఉద్యోగం! ఏం ఉద్యోగమా? అంటే, ఇక్కడో తలుపుంది వదినా... మన పిచ్చుక దాన్నీ... జనం లాగకుండా తోస్తారు... కాదు కాదు, తోసేది పిచ్చుక కాదు... ఉండు, ఇంటికొచ్చి చెప్తా!"

కావున జనులారా, ఆ సాయంసంధ్యయందు, రాజ్యములేవియు చేతులు మారకున్నను, నక్షత్రములేవియు దారి తప్పకున్నను, ఒక మనుష్యుడు ఒక తలుపును తోయవలసిన వైపునకే తోసెనని ఎల్లరకు చాటుచున్నాము. ఈ వీరగాథను శ్రద్ధగా చదివినవారికి నుదుట బొప్పి కట్టకుండుగాక. బిస్కెట్ ప్యాకెట్టు చింపుమన్నచోటనే చిరుగుగాక!