మడమ పట్టీ సంగతి తేలేదాకా

మనిషి మంచు మీద అడుగు వేసే ముందు ఆ అడుగు గురించి ఏకాభిప్రాయానికి రావాలన్నది వాల్‌సురా లోయ పెద్దలు మానవజాతికి ప్రసాదించిన సత్యం. మిగతా ప్రపంచానికి ఇది ఇంకా అందలేదు.

ఆ లోయలోని చర్చి యువబృందం పిల్లలు చలికాలంలో కొండ మీది గుడిసెకు విహారం వెళ్లాలనుకున్నారు. మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే మంచుచెప్పుల కోసం ఆకులు రాలే కాలమంతా అక్రోటు కేకులు చేసి అమ్మారు. దుకాణంవాడు నమూనాకు కొన్ని జతలు పంపాడు. "నచ్చినవి కొనుక్కుని వెళ్దాం" అంది పదిహేడేళ్ల లదీనా. (స్విట్జర్లాండులో నచ్చడం సొంత వ్యవహారం కాదు.) వెంటనే మంచుచెప్పుల ఎంపిక సంఘం ఏర్పడింది. చీజ్ తయారీ మానేసి ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్న గౌడెంజ్ దానికి అధ్యక్షుడయ్యాడు.

పరీక్షించని చెప్పులు పిల్లలు తొడగరాదని సంఘం తీర్మానించింది. పరీక్ష ప్రమాదకరం కాబట్టి పెద్దలే చేయాలి. మబ్బు రోజుల్లో వచ్చే ఫలితాలను నమ్మలేం కాబట్టి ఎండ కాసిన శనివారాల్లోనే చేయాలి. గుడిసె అరుగు మీద కూర్చుని, కరిగిన చీజ్‌లో రొట్టె ముంచుకుని తినడంతో పరీక్ష ముగుస్తుంది. (తిన్న మనిషిని చెప్పులు మోస్తాయో లేదో కూడా తేలాలి కదా.) సొమ్మొకడిది సోకొకడిది అని గొణిగినవాళ్లు లేకపోలేదు గానీ, వాళ్లకు సంఘంలో చోటు లేదు.

ప్రతి శనివారం సంఘం కారులో టీ థర్మాసు పెట్టే పని లదీనాది.

"ఈ వారమైనా మమ్మల్ని తీసుకెళ్లండి, గౌడెంజ్ గారూ. నాకిదే ఆఖరి చలికాలం. వేసవిలో పద్దెనిమిది నిండితే బృందంలోంచి తీసేస్తారు."

"ఎలా తీసుకెళ్లేదమ్మా? మడమ పట్టీ బిగుతంటుంది మా సంఘంలోని మెంగియా. నాకేమో వదులు. ఇద్దరం ఒక మాట మీదికి రావద్దూ?"

"ఆవిడ కాలు వేరు, మీ కాలు వేరు కదండీ."

"అందుకేగా మళ్లీ వెళ్తున్నాం."

కనీసం మా కాళ్లకు తొడిగి చూడండని పిల్లలు వేడుకున్నారు. పెరుగుతున్న పాదం స్థిరమైన ఆధారం కాదని సంఘం తేల్చింది. అయినా యువతకు అన్యాయం జరగకూడదని, అందరిలోకీ చిన్న పాదం ఉన్న డెబ్బై ఏళ్ల మెంగియాను యువజన ప్రతినిధిగా నియమించింది.

పిల్లల మీద జాలితో సంఘం శిక్షణ కూడా ఇచ్చింది. బడి కింద, యుద్ధమొస్తే తలదాచుకోవడానికి కట్టిన కాంక్రీటు నేలమాళిగలో, చెప్పులు లేకుండానే, అవి ఉన్నట్టు కాళ్లు ఎడంగా వేసి నడిచే శిక్షణ. అందులో లదీనాయే ప్రథమమని సంఘం మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు విని ఆమెకు ఏడుపొచ్చింది.

వసంతంలో, నల్లకళ్లద్దాల మేర తప్ప మొహమంతా ఎండకు కమిలిన సంఘం కొండ దిగి వచ్చి, చెప్పులు ఏకగ్రీవంగా ఖరారయ్యాయని ప్రకటించింది. అప్పటికి వాలంతా పచ్చగడ్డి. పైగా దుకాణంవాడు వచ్చే ఏడు కొత్త రకం తెస్తున్నాడు కాబట్టి మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి.

వేసవిలో లదీనాకు పద్దెనిమిది నిండాయి, బృందం ఆమెను పూలగుత్తితో సాగనంపింది. అదే నెలలో మెంగియా మోకాలు మొరాయించడంతో సంఘంలో చోటు ఖాళీ అయింది. పెద్దదైంది కాబట్టి లదీనాను తీసుకున్నారు.

మొదటి మంచు పడ్డాక వచ్చిన శనివారం ఆమె గుడిసె అరుగు మీద కూర్చుంది. ఒంటి నిండా ఎండ, చేతిలో వేడి రొట్టె, కింద లోయంతా తెల్లగా. ఇంత సంతోషం ఉంటుందని నేలమాళిగలో ఎవరూ చెప్పలేదు. చెప్పులు కాలికి చక్కగా సరిపోయాయి.

తర్వాతి వారం కారు దగ్గర యువబృందంలోని పద్నాలుగేళ్ల సెరైనా థర్మాసు పట్టుకుని నిలబడింది.

"లదీనక్కా, ఈసారైనా మమ్మల్ని తీసుకెళ్తారా? నువ్వున్నావుగా."

లదీనా వంగి మడమ పట్టీని లాగి చూసింది. గౌడెంజ్ వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక లేదు.

"నాకెందుకో కాస్త బిగుతుగా ఉందే" అంది. "థర్మాసు నిలబెట్టి పెట్టు, పోయినసారి ఒలికింది."