పాత గిటారుకి పాతదనం

ఆ ఆదివారం పక్క మీద నుంచి లేవకముందే లైబ్రేరియన్ పనులన్నీ వరసగా అనుకున్నాడు. స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, బస్టాండుకి వెళ్ళి నిపుణుణ్ణి స్కూటరు మీద ఎక్కించుకుని రావాలి, హాల్లో గిటారు ముందు కూర్చోబెట్టాలి, ఆ పైన బతికినన్నాళ్ళూ హాయిగా వాయించుకోవాలి. ఇందులో తేడా రావడానికి ఏముందో ఎంత ఆలోచించినా ఆయనకి తట్టలేదు.

వారమంతా ‘నిశ్శబ్దం’ అని రాసిన బోర్డు కింద కూర్చుని, గుసగుసలాడేవాళ్ళ మీద కళ్ళెర్రజేసే ఆ మనిషి ఇంటికొచ్చి వాయించేది పెడల్ స్టీల్ గిటారు. గిటారంటే ఒళ్ళో పెట్టుకునేది అనుకునేరు. ఇది బల్లలాగా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. పైన తీగలు, కింద కాళ్ళతో నొక్కే పెడల్స్, మధ్యలో మోకాళ్ళతో నెట్టే మీటలు. తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ పెడల్ నొక్కితే స్వరం మెల్లగా సాగుతుంది, ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతులా వణుకుతుంది. మూతబడిన ఒక నాటక కంపెనీ సామానులో దొరికింది. చేతితో ఒక్కొక్కటే తయారుచేసిన కాలం నాటిదని, వెల కట్టలేనిదని ఆయన గట్టి నమ్మకం.

ఆయన భార్య ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ నమ్మకం వేరు.

“అది వస్తువు కాదండీ, జబ్బు,” అనేది. “రాత్రి డ్యూటీ చేసొచ్చి కాస్త నడుం వాలుస్తానో లేదో, మొదలు! ఎవరైనా తెలిసినాయన్ని పిలవండి. అసలైన పాతదని తేలితే హాల్లోనే ఉంటుంది, నేనిక నోరెత్తను. కాదని తేలితే సాయంత్రానికల్లా ఇల్లు కదలాలి.”

లైబ్రేరియన్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఎవరెవరినో పట్టుకుని, పాత వాయిద్యాలు చూడ్డంలో తలపండిన ఒకాయన్ని రప్పిస్తున్నాడు. ఆయన ఫోన్లో ఒకే ఒక్క మాట చెప్పాడు. “దుమ్ము కూడా తుడవొద్దు. ఎలా ఉన్నది అలాగే చూడాలి.” అప్పట్నుంచి లైబ్రేరియన్ హాల్లో ఫ్యాను కూడా వెయ్యలేదు.

ఆయన స్కూటరు తీస్తుండగా గేటు ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి మామగారు, బావమరిది దిగారు. మామగారు ఒకప్పుడు ఫర్నిచరు షాపు నడిపినవాడు. బావమరిదిది కార్ల గ్యారేజీ.

“అక్క రమ్మంది బావా,” అన్నాడు బావమరిది బుర్ర గోక్కుంటూ. “ఒకవేళ... అది అసలుది కాదని తేలితే... మోసుకుపోడానికి.”

ఇంకో రోజైతే లైబ్రేరియన్‌కి మండిపోయేదే. ఇవాళ ఆయన కాళ్ళు నేల మీద లేవు. “మోసుకుపోయేదేమీ ఉండదోయ్! దాన్ని చూడ్డానికి చాలా పెద్దాయన వస్తున్నాడు. మామయ్యగారూ, మీరు లోపల కూర్చోండి, చిటికెలో వచ్చేస్తా,” అని తాళం చేతులు వాళ్ళ చేతిలో పెట్టి దూసుకుపోయాడు. దుమ్ము సంగతి చెప్పడం మర్చిపోయాడు.

బస్టాండులో నిలబడీ నిలబడీ కాళ్ళు పీకాయి. చివరికి నిపుణుడే ఫోను చేశాడు. బస్సు దారిలో ఆగిపోయిందట, టాక్సీ చూసుకుని నేరుగా ఇంటికే వస్తాడట. లైబ్రేరియన్ పాటలాంటిదేదో కూనిరాగం తీస్తూ వెనక్కి తిరిగాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి వార్నీషు వాసన గుప్పున కొట్టింది.

హాల్లో గిటారు ధగధగా మెరిసిపోతోంది. పూర్వం ఎవరో మహానుభావుడు వాయించీ వాయించీ మణికట్టు రాసుకుని రంగు పోయినచోట, నిపుణుడు మొట్టమొదట చూడాల్సినచోట, తడి వార్నీషు నిగనిగలాడుతోంది. మామగారు కుంచె పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి తన పనితనం చూసుకుంటున్నాడు. గిటారు కిందనుంచి రెండు కాళ్ళు బయటికి కనబడుతున్నాయి. అవి బావమరిదివి.

“మామయ్యగారూ!” అన్నాడు లైబ్రేరియన్.

“పర్లేదు అల్లుడుగారూ, మన ఇంటి పనే కదా,” అన్నాడు మామగారు మొహమాటపడుతూ. “పెద్దాయన చూడ్డానికొస్తుంటే అలా వెలిసిపోయి కనబడితే ఏం బాగుంటుంది? షాపులో నేనెప్పుడూ పాలిష్ పెట్టకుండా ఒక్క కుర్చీ కూడా చూపించలేదు. మా అమ్మాయి ఏమన్నా అననీ, మీ వస్తువు మీ ఇంట్లోనే ఉండాలి.”

బావమరిది కిందనుంచి పాక్కుంటూ వచ్చాడు. మొహం నిండా గ్రీజు, ఆ గ్రీజులోంచి వెలుగు. “బావా, పైన చూసి నీదేదో సంగీతం అనుకున్నాగానీ, కింద మొత్తం మన లైనే! రాడ్లు, స్ప్రింగులు, బోల్టులు... పెడల్సు క్లచ్చు లాగా వదులైపోయి ఉన్నాయి. అన్నీ బిగించేశా. ఇంక ఇలా తాకితే అలా పట్టేస్తుంది!”

ఇద్దరూ మెచ్చుకోలు కోసం చూస్తున్నారు. తిడదామంటే లైబ్రేరియన్‌కి నోరు రాలేదు. వాళ్ళు తన పక్షాన నిలబడి తన కొంప ముంచారు. విషయం చెప్పగానే మామగారి మొహం తెల్లబోయింది, కుంచె జారి కింద పడింది.

“అయ్యో అయ్యో! ఇప్పుడెలా? తుడిచేద్దామా?”

“తుడిస్తే ఉన్న రంగు కూడా ఊడొస్తుంది,” అన్నాడు లైబ్రేరియన్. బుర్ర గిర్రున తిరుగుతోంది. తిరిగే బుర్రకి ఒక ఆలోచన వచ్చింది. అది రాకపోయినా బాగుండేది. “మెరుపు చంపెయ్యాలి! దుమ్ము! దుమ్ము పట్రండి!”

ముగ్గురూ దుమ్ము కోసం ఇంటి మీద పడ్డారు. హెడ్ నర్సు ఇంట్లో దుమ్ము దొరకడం తేలిక కాదు. బావమరిది కుర్చీ ఎక్కి ఫ్యాను రెక్కల మీదది గోకాడు. మామగారు చెప్పులు దులిపి చారెడు పోగేశాడు. అదీ చాలకపోతే లైబ్రేరియన్ వంటింట్లోంచి టీపొడి డబ్బా తెచ్చి గుప్పెళ్ళతో చల్లాడు. తడి వార్నీషు దేన్నీ కాదనలేదు. చూస్తుండగానే గిటారు పైభాగం గరుకు కాగితంలా తయారైంది.

“పాతగానే ఉంది బావా,” అన్నాడు బావమరిది ధైర్యం చెబుతూ.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ఒకరు రాత్రి డ్యూటీ దిగి వచ్చిన హెడ్ నర్సు. రెండో ఆయన, ఆవిడకి గేటు దగ్గర కలిసిన నిపుణుడు. లోపల ముగ్గురు మగవాళ్ళు ఒక గిటారు మీద వంగి టీపొడి రుద్దుతున్నారు.

నిపుణుడు దగ్గరికి వచ్చాడు. వేలితో తాకాడు, వేలు అంటుకుంది. వాసన చూశాడు.

“కొత్తదానికి పాతదనం పూసేవాళ్ళని చాలామందిని చూశాను,” అన్నాడు మెల్లగా. “నిజంగా పాతదైతే ఎవరైనా దానికి పాతదనం పూస్తారా?”

“అయ్యా, ఇది నిజంగానే పాతది! పాతదాన్ని కొత్తది చేశారండీ, అందుకని మళ్ళీ పాతది చేస్తున్నాం!” అన్నాడు లైబ్రేరియన్. చెబుతుంటేనే ఆయనకి తెలిసిపోయింది, ఈ మాట తను కూడా నమ్మడని.

“సరే, రంగు సంగతి వదిలెయ్యండి. వాయించండి. చెవిని మోసం చెయ్యలేరు.”

లైబ్రేరియన్ ప్రాణం లేచొచ్చింది. గబగబా స్పీకరు వైరు తగిలించి, కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఎన్నో సాయంత్రాలు తనని ఆదుకున్న స్వరమే, ఇప్పుడూ ఆదుకుంటుంది. తీగ మీటి రెండో పెడల్ మీద కాలు మోపాడు. బావమరిది చెప్పినట్టే, తాకగానే పట్టేసింది. స్వరం సాగలేదు, ఎగిరింది. ఎక్కడ ఆగాలో తెలియక కీచుమంటూ ఇంటి కప్పుదాకా పోయింది.

నిపుణుడు సంచీ భుజాన వేసుకున్నాడు. “ఇంత దూరం రప్పించి మోసం చెయ్యాలా మాస్టారూ? పెద్దమనుషుల్లా ఉన్నారు.”

లైబ్రేరియన్ తల వంచుకున్నాడు. అయిపోయింది. వ్యాను గేటు ముందే ఉంది.

“ఆగండి!” అంది హెడ్ నర్సు. వార్డులో ఆ గొంతు వింటే డాక్టర్లు కూడా ఆగుతారు. “మా ఆయన్ని ఏమన్నా అనాలంటే నేననాలి. ఈయనకి మోసం చెయ్యడం చేతకాదు, చేస్తే ఇలాగే ఏడుస్తుంది. కూర్చోండి మీరు. ఒరేయ్, ఏం చేశావురా దాన్ని?”

“కొంచెం బిగించా అక్కా.”

“పడుకో కింద!”

బావమరిది మళ్ళీ గిటారు కింద దూరాడు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “ఏమండీ, నొక్కండి. ఊహూ, ఇంత పైకి పోదు. వదులు చెయ్యరా. ఇంకా. ఇంకొంచెం. అదిగో, అక్కడిదాకా వెళ్ళి ఆగాలి, ఆగేముందు కాస్త వణకాలి. వణకలేదేం? ఎడంపక్కదేదో కూడా బిగించి ఉంటావు, అదీ వదులు చెయ్యి. ఆఁ! ఇదీ! దిండు చెవులకి అదుముకున్నా వినబడేది ఇదే!”

లైబ్రేరియన్ నోరు తెరుచుకుని భార్యకేసి చూశాడు. ఇన్నేళ్ళుగా ఆవిడ తిడుతోందనుకున్నాడు. వింటోందని ఆయనకి తెలియదు. ఆ సంతోషంలో కళ్ళు చెమర్చి, ఎదురుగా ఎవరున్నారో మర్చిపోయి వాయించాడు. స్వరం మెత్తగా లేచి, వణికి, గుండె పిండేసి, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగింది.

నిపుణుడు సంచీ దించాడు. నేల మీద చతికిలబడి, టార్చి వేసి, తీగల కింద ఉండి స్వరాన్ని స్పీకరుకి అందించే తీగచుట్ట, పికప్, చూశాడు. చాలాసేపటికి లేచాడు.

“క్షమించండి మాస్టారూ. ఈ తీగచుట్ట చేత్తో చుట్టింది. ఇలా చుట్టేవాళ్ళూ లేరు, ఇలా పలికేవీ లేవు. అసలు సిసలైన పాతది!”

బావమరిది కిందనుంచే ఈల వేశాడు. మామగారు అల్లుణ్ణి కౌగిలించుకుని చొక్కాకి వార్నీషు అంటించాడు. “ఖరీదెంత ఉంటుందండీ?” అన్నాడు.

“వార్నీషుతో చాలావరకు పోగొట్టారు. అయినా, ఒక కొత్త కారు వస్తుంది.”

“చిన్న కారా, పెద్ద కారా?” అన్నాడు బావమరిది తల బయటపెట్టి.

“పెద్దదే.”

హెడ్ నర్సు గిటారుకేసి మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నిపుణుణ్ణి సాగనంపి, తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, కిటికీలు కూడా మూసింది. లైబ్రేరియన్ ఉత్సాహంగా చేతులు రుద్దుకుంటూ మళ్ళీ గిటారు ముందు కూర్చోబోయాడు.

“ఏమండీ! కారు ఖరీదు చేసే వస్తువుని కాళ్ళతో నొక్కుతారా? లేవండి!”

“అదేమిటి? హాల్లోనే ఉంటుందని మాటిచ్చావుగా!”

“ఇచ్చాను, తప్పను. అది హాల్లోంచి అంగుళం కదలదు. మీరు కదలండి. నాన్నా, దాని మీదికి మంచి దుప్పటి ఒకటి తీసుకురండి.”

ఆ సాయంత్రం నుంచి లైబ్రేరియన్ సాధన పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద సాగుతోంది. అది ఎలా పలికినా, దాని ఖరీదు పెరిగే ప్రమాదం మాత్రం లేదు.